సుంకం లేని ఆవరణ, చట్టం లేని ఆవరణ కాదు

(తర్లగూడలో తపాలా, రైల్వే ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తర్లగూడ రైలు కూత వినని ఊరు. బీజాపూర్ జిల్లా మొత్తానికి నేటికీ రైలు మార్గం లేదు. అయినప్పటికీ కిరండూలు నుండి, వరంగల్లు నుండి రైల్వే సోదరులు బస్సులెక్కి ఇంత దూరం వచ్చి, ఈ ప్రాంతపు గ్రామీణ డాక్ సేవకుల సరసన కూర్చున్నారు. ఇది మాకెంతో సంతోషం కలిగిస్తున్నది.

స్వేచ్ఛా వాణిజ్య మండలులను గురించి మాట్లాడవలసిందిగా మమ్మల్ని కోరారు. ఆ మండలులు అంతర్జాతీయ వాణిజ్యానికి, ఆర్థిక సంస్కరణలకు ఏ విధంగా తోడ్పడుతున్నాయి, ఆ తోడ్పాటులో కార్మికుని స్థానమేమిటి అన్నవి మన ముందున్న ప్రశ్నలు. సముద్రానికి ఇంత దూరాన, అడవి అంచున, ఈ చర్చ దేనికని కొందరికి తోచవచ్చు. కాని సరిహద్దు అంటే ఏమిటో తర్లగూడ వారికి మేము వివరించనక్కరలేదు. ఇటు ఛత్తీస్‌గఢ్, అటు తెలంగాణ. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, దరఖాస్తు రాయవలసింది హిందీలో. పంట కాలంలో ఇక్కడి ఆదివాసీ కుటుంబాలు మిరపకాయ కోతకు ములుగు, భద్రాద్రి జిల్లాలకు వలసపోతాయి. నేడు మిరప చేలకు పోతున్న యువకులు రేపు అచ్యుతాపురానికో, జడ్చర్లకో, శ్రీసిటీకో పోతారు. అక్కడ వారు ప్రవేశించే గేటు ఎటువంటిదో ముందుగా తెలిసి ఉండడం అవసరం.

మండలి అనగానేమి?

మొదట విషయాన్ని సూటిగా చెప్పుకుందాము. విదేశాల నుండి ముడిసరుకు తెచ్చుకొని, వస్తువు తయారు చేసి, తిరిగి విదేశాలకే పంపే ఒక కర్మాగారం ఉన్నదనుకొనండి. మామూలు పద్ధతిలో అది దిగుమతి సుంకం ముందుగా చెల్లించాలి. సరుకు ఎగుమతి అయిన తరువాత, చెల్లించిన సుంకాన్ని తిరిగి ఇమ్మని దరఖాస్తు పెట్టుకోవాలి. ఈలోగా పెట్టుబడి నెలల తరబడి ప్రభుత్వ ఖజానాలో చిక్కుకొని ఉంటుంది. ఈ చిక్కు తొలగించడానికి కొంత భూమి చుట్టూ గోడ కట్టి, సుంకాల విషయంలో ఆ గోడ లోపలి నేలను దేశం వెలుపలి నేలగా భావించడమే స్వేచ్ఛా వాణిజ్య మండలి సూత్రం. లోపలికి వచ్చే ముడిసరుకుకు సుంకం లేదు. బయటి దేశాలకు పోయే సరుకుకు అడ్డంకి లేదు. అదే సరుకును గేటు దాటించి మన దేశంలో అమ్మదలిస్తే మాత్రం, విదేశం నుండి దిగుమతి అయిన సరుకు వలెనే దానికి సుంకం చెల్లించాలి.

మన దేశంలో 2005లో ప్రత్యేక ఆర్థిక మండలుల చట్టం వచ్చింది. అది 2006 ఫిబ్రవరి 10న అమలులోకి వచ్చింది. ప్రత్యేక ఆర్థిక మండలి భారతదేశపు కస్టమ్స్ భూభాగానికి వెలుపల ఉన్నదిగా భావించవలెనని ఆ చట్టంలోని 53వ సెక్షను చెబుతున్నది. మండలిని ఓడరేవుగా, విమానాశ్రయంగా, కంటైనర్ డిపోగా కూడా పరిగణించవలెనని అదే సెక్షను అంటున్నది. లోపల పనిచేసే సంస్థ, ఐదేండ్ల లెక్క కలిపి చూసినప్పుడు, ఖర్చు పెట్టిన విదేశీ మారకద్రవ్యం కంటె ఎక్కువ ఆర్జించి తీరాలన్నది ప్రధానమైన షరతు.

ఈ సూత్రం కొత్తది కాదు. ఐర్లండులోని షానన్ విమానాశ్రయం వద్ద 1959లోనే ఇటువంటి ఆవరణ వెలిసింది. ఆసియా ఖండంలో మొదటిది మన కాండ్లాలో 1965లో ఏర్పడింది. తరువాత తైవానులో కవ్‌షుంగ్, దక్షిణ కొరియాలో మాసాన్, శ్రీలంకలో కటునాయకె వచ్చాయి. చైనా 1980లో షెన్‌జెన్ మొదలుగా నాలుగు మండలులు నెలకొల్పి, దేశమంతటా ఒక్కసారిగా చేయడానికి సాహసించలేని సంస్కరణలను ముందుగా అక్కడ ప్రయోగించి చూసింది. మండలులు ఆర్థిక సంస్కరణలకు తోడ్పడతాయనడంలో అర్థం ఇదే. ఒక మడిలో నారు పోసి, అది నిలిస్తే పొలమంతా నాటడం వంటిది ఆ పద్ధతి.

తెలుగు నేలపై మొదటి మండలి విశాఖపట్నం సమీపాన దువ్వాడలో 1989లో ఏర్పడింది. ఆనాడు దానిని ఎగుమతుల ప్రాసెసింగ్ జోన్ అన్నారు. 2000 ఏప్రిల్‌లో కేంద్రం ప్రత్యేక ఆర్థిక మండలుల విధానాన్ని ప్రకటించిన తరువాత, 2003 జనవరి 1 నుండి అది ప్రత్యేక ఆర్థిక మండలిగా మారింది. రైల్వే సోదరులకు దువ్వాడ పేరు కొత్త కాదు. హౌరా–చెన్నై ప్రధాన మార్గంపై, విశాఖలో ఇంజను తిప్పుకోనక్కరలేని బండ్లు ఆగే స్టేషను అది. మండలికి ఆ చోటు ఎందుకు ఎన్నుకున్నారో ఆలోచించండి. ఒక పక్క రైలు, మరొక పక్క రేవు.

వాణిజ్యాన్ని నడిపించేది ఎవరు?

మండలుల వలన వాణిజ్యం పెరగలేదని మేము అనము. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2005–06లో మండలుల నుండి జరిగిన ఎగుమతులు సుమారు 23 వేల కోట్ల రూపాయలు. 2013–14 నాటికి అవి 4 లక్షల 94 వేల కోట్లకు చేరాయి. ఇది కాదనలేని పెరుగుదల. అయితే ఆమోదం పొందిన మండలులలో సగానికి పైగా సాఫ్ట్‌వేరు రంగానివే. సాఫ్ట్‌వేరు పార్కులకు ఉన్న ఆదాయపు పన్ను మినహాయింపు 2011 మార్చితో ముగియడం కూడా ఆ రంగపు సంస్థలు మండలులలోకి చేరడానికి ఒక కారణం. కనుక పెరిగినదంతా కొత్తగా పుట్టిన వాణిజ్యమని చెప్పడానికి వీలులేదు.

బస్తరుకు, ప్రపంచ వాణిజ్యానికి సంబంధం మండలులతో మొదలు కాలేదన్న సంగతి కూడా మనం గుర్తుంచుకోవాలి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపడానికి 1960లో ఒప్పందం కుదిరింది. దాని కోసం కొత్తవలస నుండి కిరండూలు వరకు, తూర్పు కనుమలను తొలుచుకుంటూ, 58 సొరంగాలతో రైలు మార్గం నిర్మించారు. 1960 దశాబ్దం ముగిసే లోపుగానే బస్తరు ఖనిజం విశాఖ రేవు చేరి సముద్రం దాటింది. గని ప్రభుత్వరంగానిది, రైలు ప్రభుత్వానిది, రేవు ప్రభుత్వానిది. ఏ మండలి గోడా లేకుండానే ఆ వాణిజ్యం నడిచింది. దానిని నడిపినది ఆ ఘాట్ మార్గంలో రాత్రింబగళ్లు పనిచేసిన గాంగ్‌మెన్, గార్డులు, డ్రైవర్లు, గని కార్మికులు.

అదే విధంగా తపాలా సోదరులు తమ వృత్తి చరిత్రను ఒకసారి తలచుకోవాలి. 1874 అక్టోబరు 9న స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో 22 దేశాలు ఒక ఒడంబడిక చేసుకున్నాయి. ఉత్తరాల వరకు సభ్యదేశాలన్నీ కలిసి ఒకే తపాలా భూభాగం అని ఆ ఒడంబడిక ప్రకటించింది. భారతదేశం 1876లో అందులో చేరింది. ఒక దేశపు సంచి మరొక దేశం గుండా అడ్డు లేకుండా పోవచ్చునన్న నియమం ఈనాటికీ నిలిచి ఉన్నది. ఇంతకంటె పెద్ద స్వేచ్ఛా మండలి ప్రపంచంలో ఉన్నదా? దానికి గోడ కట్టలేదు, ఒక్క రైతు భూమి తీసుకోలేదు. బట్వాడా చేసే మనిషిని నమ్ముకొని ఆ మండలి నడుస్తున్నది.

ఈ రెండు ఉదాహరణలు చెప్పడంలో మా ఉద్దేశం ఒకటే. వాణిజ్యానికి ప్రాణం సరుకు ఆలస్యం లేకుండా, నష్టం లేకుండా చేరడం. సుంకం మినహాయింపు ఆ ఆలస్యంలో ఒక భాగాన్ని తొలగిస్తుంది. మిగిలిన భాగాన్ని తొలగించేది మీరు. దువ్వాడలో సీలు వేసిన కంటైనరు రేవు చేరే వరకు దానిని మోసే రైలు, రోడ్డు, హమాలీ లేకపోతే గోడ లోపలి స్వేచ్ఛ గోడ లోపలే నిలిచిపోతుంది.

చెల్లించిన మూల్యం

రాయితీ అనగా ప్రభుత్వం వదులుకున్న సొమ్ము. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2014లో మండలుల పనితీరుపై నివేదిక సమర్పించారు. 2006–07 నుండి 2012–13 వరకు మండలుల కారణంగా ఖజానా వదులుకున్న పన్నులు 83 వేల కోట్ల రూపాయలకు పైబడినట్లు ఆ నివేదిక లెక్క కట్టింది. మండలుల కొరకు ప్రకటించిన భూమి సుమారు 45,600 హెక్టార్లు కాగా, అందులో పని మొదలైనది సుమారు 28,500 హెక్టార్లలోనే. మిగిలిన భూమిలో పంటా లేదు, పరిశ్రమా లేదు. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో మందుల కర్మాగారాల మండలి కొరకు భూములు కోల్పోయిన చిన్న రైతులు ఏండ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. అటు కాకినాడలోనూ అదే కథ నడిచింది. 2007 మార్చి 14న పశ్చిమ బెంగాలులోని నందిగ్రామ్‌లో పోలీసు కాల్పులకు 14 మంది బలి అయిన తరువాతనే దేశం ఈ భూమి ప్రశ్నను తీవ్రంగా ఆలోచించసాగింది.

ఇక పన్ను రాయితీలు ఒకదాని వెనుక ఒకటి తగ్గిపోయాయి. 2011లో కనీస ప్రత్యామ్నాయ పన్నును మండలులకు కూడా వర్తింపజేశారు. 2020 నుండి కొత్తగా వచ్చే సంస్థలకు ఆదాయపు పన్ను మినహాయింపు లేదు. మన మండలుల రాయితీలలో కొన్ని ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలకు విరుద్ధమని 2019 అక్టోబరులో ఆ సంస్థ నియమించిన విచారణ సంఘం తీర్పు చెప్పింది. దానిపై మన ప్రభుత్వం అప్పీలు చేసింది.

సోదరులారా, ప్రమాదం ఇక్కడనే ఉన్నది. పన్ను రాయితీ చూపి పెట్టుబడిని పిలిచిన కాలం సన్నగిల్లుతున్నది. ఇక పిలవడానికి చూపేది ఏమిటి? మంచి రైలు, మంచి రేవు, నమ్మదగిన విద్యుత్తు, నేర్పు గల పనివారు అని చూపడం ఒక దారి. తక్కువ కూలీ, నోరెత్తని కార్మికుడు అని చూపడం మరొక దారి. మొదటి దారికి ప్రభుత్వం ఖర్చు పెట్టాలి. రెండవ దారికి ఖర్చంతా కార్మికుని నుండే రాబట్టవచ్చు. యాజమాన్యాలలో కొన్ని ఏ దారి కోరుకుంటాయో చెప్పనక్కరలేదు.

అచ్యుతాపురాన్ని చూడండి. అక్కడి దుస్తుల పార్కులో చుట్టుపక్కల గ్రామాల నుండి వేలాది మహిళలు కుట్టుపనికి వస్తున్నారు. తమ చేతికి జీతం రావడం వారి జీవితంలో పెద్ద మార్పు. దానిని మేము తక్కువ చేసి చెప్పము. కాని 2022లో జూన్, ఆగస్టు నెలలలో రెండుసార్లు విషవాయువు వ్యాపించి ఆ మహిళలు వందల సంఖ్యలో ఆసుపత్రుల పాలయ్యారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మండలిలోనే ఒక మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో 17 మంది మరణించారు. సుంకం లేని చోట భద్రత కూడా లేకపోతే, ఆ ఎగుమతిలో మనం పంపుతున్నది కేవలం మందు బిళ్లలేనా అని ప్రశ్నించుకోవలసి ఉన్నది.

చట్టం ఏమంటున్నది?

మండలి లోపల కార్మిక చట్టాలు చెల్లవు, సంఘం పెట్టుకోరాదు, ప్రశ్నించరాదు అన్న ప్రచారం మన ఊళ్లలో బలంగా ఉన్నది. పనిలో చేరిన పిల్లలకు మేస్త్రీలు చెప్పే మొదటి పాఠం ఇదే. ఇది శుద్ధ అబద్ధం. నేటి సమావేశం నుండి మీరు ఒక్క విషయమే గుర్తుంచుకొని పోదలిస్తే, దీనినే గుర్తుంచుకొనండి.

మండలులకు కేంద్ర చట్టాలను సడలించడానికి 2005 చట్టంలోని 49వ సెక్షను కేంద్ర ప్రభుత్వానికి అధికారం ఇచ్చింది. అదే సెక్షను ఆ అధికారానికి ఒక హద్దు కూడా గీసింది. కార్మిక సంఘాలు, పారిశ్రామిక వివాదాలు, పని పరిస్థితులతో సహా కార్మిక సంక్షేమం, ప్రావిడెంటు ఫండు, యజమాని బాధ్యత, నష్టపరిహారం, వృద్ధాప్య పింఛను, ప్రసూతి సౌకర్యాలు — ఈ విషయాలలో ఆ సడలింపు అధికారం వర్తించదని స్పష్టంగా రాసి ఉన్నది. అనగా పార్లమెంటు ఆ గోడను సుంకానికి మాత్రమే కట్టింది. కార్మికుని హక్కుకు కట్టలేదు.

మరి ఆచరణలో ఎందుకు భయం? కారణాలున్నవి. అనేక రాష్ట్రాలు మండలులలోని సంస్థలను ప్రజోపయోగ సేవలుగా ప్రకటించి సమ్మెను కష్టతరం చేశాయి. లేబర్ కమిషనరు అధికారాలను మండలి డెవలప్‌మెంట్ కమిషనరుకు అప్పగించాయి. పెట్టుబడిని ఆహ్వానించవలసిన అధికారే కార్మికుని ఫిర్యాదు కూడా వినవలసి వస్తే, ఆ వినికిడి ఎట్లా ఉంటుందో ఊహించుకోవచ్చు. గేటు వద్ద పాసు ఉంటేనే ప్రవేశం గనుక సంఘ నాయకుడు లోపల కాలు పెట్టలేడు. దీనికి తోడు 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లను అమలులోకి తెచ్చారు. ఇంతకు మునుపు ప్రజోపయోగ సేవలకే ఉన్న సమ్మె నోటీసు నిబంధన ఇప్పుడు పరిశ్రమలన్నిటికీ విస్తరించింది. మండలిలో మొదలైనది మండలి దాటి వచ్చిందన్న మాట. సంస్కరణను ముందు ఒక మడిలో ప్రయోగిస్తారని ఇందాక చెప్పుకున్నాము. ఆ మడిలో ఏ నారు పోస్తున్నారో చూడకుండా ఊరకుంటే, అది రేపు మన పొలంలోనే మొలుస్తుంది. రైల్వే, తపాలా ఉద్యోగులకు ఈ విషయంతో పని లేదనడం అందుకే తప్పు.

ఇతర దేశాల అనుభవం మనకు ధైర్యం ఇస్తున్నది. దక్షిణ కొరియాలో 1970 నాటి ప్రత్యేక చట్టం విదేశీ పెట్టుబడి సంస్థలలో సంఘాలపై, సమ్మెలపై ఆంక్షలు విధించింది. 1987లో ఆ దేశమంతటా కార్మికోద్యమం ఉప్పెనై లేచినప్పుడు మాసాన్ మండలి కార్మికులు కూడా అందులో కదిలారు. శ్రీలంకలో 2011లో ప్రైవేటు ఉద్యోగుల పింఛను బిల్లుకు వ్యతిరేకంగా కటునాయకె మండలి కార్మికులు వీధికెక్కారు. కాల్పులలో ఒక యువ కార్మికుడు ప్రాణాలు కోల్పోయాడు. ప్రభుత్వం బిల్లును ఉపసంహరించుకున్నది. ఆ రెండు దేశాలలోనూ తరువాత వాణిజ్యం ఆగిపోలేదు, ఓడలు కదలక నిలిచిపోలేదు.

మన కర్తవ్యం

కనుక మండలులను పూర్తిగా తిరస్కరించమని మేము చెప్పడం లేదు. పూలమాలలతో స్వాగతించమని కూడా చెప్పడం లేదు. మండలి ఒక పనిముట్టు. కొడవలితో పంట కోయవచ్చు, చేయి కోసుకోనూవచ్చు. ఆ పనిముట్టు ప్రజలకు ఉపయోగపడాలంటే మనం చేయవలసిన పనులు నాలుగున్నవి.

మొదటిది, 49వ సెక్షనులోని ఆ హద్దును ప్రతి ఊరికీ చేర్చడం. ఈ పని గ్రామీణ డాక్ సేవకుని కంటె బాగా చేయగలవారు లేరు. ఏ ఇంటి కుమారుడు ఏ ఊరిలో పనిచేస్తున్నాడో, ఎవరి ఇంటికి డబ్బు రావడం ఆగిపోయినదో మీకు తెలుసు. పనికి పోయే పిల్లవానికి నియామక పత్రం అడగమని, ప్రావిడెంటు ఫండు ఖాతా సంఖ్య రాసి ఉంచుకోమని, జీతపు చీటీ దాచుకోమని చెప్పండి. దీనికి ఏ అనుమతీ అక్కరలేదు.

రెండవది, కంటైనర్ డిపోలలో, గూడ్స్ షెడ్లలో పనిచేసే కాంట్రాక్టు కార్మికులను, హమాలీలను మన సంఘాలు చేరదీయాలి. మండలి గోడ లోపలికి మనం పోలేకపోవచ్చు. కాని లోపలి సరుకు మొత్తం బయటికి రావలసినదే. అది వచ్చే దారి పొడుగునా మనవారే ఉన్నారు.

మూడవది, వాణిజ్య సౌకర్యం మండలి గోడల లోపలే ఉండనక్కరలేదని మనం గట్టిగా అడగాలి. తపాలా శాఖ ఇటీవలి సంవత్సరాలలో డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలను ప్రారంభించింది. చిన్న ఉత్పత్తిదారు తన పార్సిలును కస్టమ్స్ పత్రాలతో సహా పోస్టాఫీసు నుండే విదేశాలకు పంపే ఏర్పాటు అది. ఇటువంటి సౌకర్యం జిల్లా కేంద్రాలతో ఆగిపోక, అడవి ప్రాంతాల వరకు రావాలి. బస్తరు చేతిపని వస్తువులు దళారీ గడప తొక్కకుండా పరదేశం పోగల దారి అదే. దానికి తగిన సిబ్బందిని నియమించాలి. ఉన్నవారి మీదనే మరొక సంచి మోపడం తగదు.

నాలుగవది, వదులుకున్న పన్నుకు, తీసుకున్న భూమికి, ఇచ్చిన ఉద్యోగానికి, ప్రతి మండలికీ విడివిడిగా, ఏటేటా లెక్క చెప్పవలెనని ప్రభుత్వాలను అడగాలి. తన సంచిలోని ప్రతి పార్సిలుకు రసీదు చూపే ఉద్యోగికి ఈ లెక్క అడిగే అర్హత తప్పక ఉన్నది.

చివరిగా ఒక్క మాట. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌను వేళ, ములుగు జిల్లా పేరూరు ప్రాంతపు మిరప చేల నుండి బీజాపూర్ జిల్లాలోని తన ఇంటికి కాలినడకన బయలుదేరిన పన్నెండేండ్ల బాలిక దారిలోనే ప్రాణం విడిచింది. ఆనాడు గూడ్సు బండ్లు ఆగలేదు. తపాలా ఆగలేదు. దేశానికి సరుకులు, మందులు, పింఛన్లు చేరవేసింది మీరే. బండ్లు లేక, దారి లేక నిలిచిపోయినది మనుషులు. ఖనిజం దాటడానికి 58 సొరంగాలు తవ్విన దేశం, సరుకు దాటడానికి సుంకాల గోడను కూల్చిన దేశం, మనిషి క్షేమంగా ఇల్లు చేరే దారిని కూడా వేయగలదు. వేయించవలసిన బాధ్యత సంఘటిత కార్మికులమైన మన మీద ఉన్నది.

సంస్కరణ అన్న మాటను మనం ఆ కొలతతోనే కొలవాలి. సరుకుకు ఇచ్చిన స్వేచ్ఛలో సగమైనా ఆ సరుకు చేసిన మనిషికి దక్కిందా? దక్కే వరకు అడుగుతూనే ఉందాము.

 కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!